తూర్పు పీట

మా సంస్థ బోటు గురించి ఊళ్ళో తలొక మాటా అంటున్నారు. టీకొట్టు దగ్గర ఒక కథ, చేపల రేవులో ఇంకో కథ. నేను ఆ సంస్థలో సూపరింటెండెంటుని. ప్రతి ఫైలూ నా బల్ల మీదుగానే వెళ్ళింది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకే ఉందని అనుకుంటున్నాను.

మాది తీర విహార వినోద సంస్థ. చింతగెడ్డ సముద్రంలో కలిసే మొగ దగ్గర మాకొక అతిథిగృహం, ఒక జెట్టీ, పిల్లలెక్కే రెండు హంస పడవలు ఉన్నాయి. సరదాకి గాలం వేసుకునే పట్నం వాళ్ళను సముద్రంలోకి తీసుకెళ్ళడానికి ఒక ఇంజను బోటు కూడా కొన్నాం. తెల్లగా, అందంగా ఉంటుంది. దాన్ని నడిపే సరంగుగా గరికిన ఎల్లాజీ అనే అతన్ని తీసుకున్నాం. ఉత్తర్వులో ఒక చిన్న మెలిక ఉంది. బోటు మొదటి ప్రయాణం మొదలైన రోజు నుంచే అతని ఉద్యోగమూ, జీతమూ మొదలవుతాయి. ఆ ఉత్తర్వు చేతికి రాగానే ఎల్లాజీ తన బావమరిది దానయ్య పడవలో పని మానేసి వచ్చి మా షెడ్డులో కూర్చున్నాడు. ఇక బోటులో నీటి కింద చేపల్నీ లోతునీ చూపించే ఫిష్ ఫైండరూ, దారి చూపించే జీపీఎస్సూ బిగించడమే తరువాయి.

ఇక్కడ మా సర్క్యులర్ గురించి చెప్పాలి. మా పాత మేనేజింగ్ డైరెక్టరుగారిని ఉన్నట్టుండి అడవుల్లోకి బదిలీ చేశారు. కారణం ఏమిటా అని కొత్త ఎండీ విరూపాక్షరావుగారు విచారణ చేయిస్తే, పాతాయన కంప్యూటర్ ముందు దక్షిణ ముఖంగా కూర్చునేవారని తేలింది. తేల్చినవారు ఈశ్వరప్రగడ భాస్కరమూర్తిగారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, వాస్తు చదువుకుని, మాకు దిశా సలహాదారుగా వచ్చారు. ఆయన సలహా మీద సర్క్యులర్ వచ్చింది. సంస్థలో కంప్యూటరు వగైరా తెరలన్నీ, తెర ముందు పనిచేసే ఉద్యోగులందరూ తూర్పు ముఖంగా ఉండవలెనని దాని సారాంశం. ఇద్దరూ తూర్పుకే తిరిగితే ఉద్యోగికి తెర వీపు మాత్రమే కనిపిస్తుంది. కొన్నాళ్ళు అలాగే పనిచేశాం. తర్వాత సవరణ వచ్చి, తెర సంగతి వదిలేసి ఉద్యోగి ముఖం మాత్రం తూర్పుకు ఉంటే చాలన్నారు. మా టిక్కెట్ల కిటికీ పడమటి గోడకుంది. అందుకని టిక్కెట్లిచ్చే అమ్మాయి జనానికి వీపు పెట్టి కూర్చుని, భుజం మీద నుంచి వెనక్కి అందిస్తుంది. జనం అలవాటు పడ్డారు.

యంత్రాలు చూపించడానికి విశాఖపట్నం నుంచి ఫణీంద్ర అనే కుర్రవాడు పెట్టెలు మోసుకుని వచ్చాడు. ఎంత లోతు నీళ్ళలోకి వెళతారు, ఒడ్డు నుంచి ఎంత దూరం, ఏ చేప కోసం, తెర మీద ఎండ పడుతుందా అని అతను వరసగా అడిగాడు. ఇవన్నీ అమలు దశకు సంబంధించిన విషయాలనీ, ప్రస్తుతం మనం ఎంపిక దశలో ఉన్నామనీ ఎండీగారు మందలించారు. అతను నోరు మూసుకుని పెట్టెలు విప్పాడు.

ఫిష్ ఫైండర్లు మూడు రకాలున్నాయి. ఒకటి బోటు కిందకి మాత్రమే చూస్తుంది. ఒకటి కిందకీ, అటూ ఇటూ పక్కలకీ చూస్తుంది. మూడోది ముందుకు కూడా చూసి, అక్కడ చేప ఉందో రాయి ఉందో అప్పటికప్పుడు చూపిస్తుంది. భాస్కరమూర్తిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. బోటు తూర్పుకు వెళుతుంటే కుడి పక్క దక్షిణం అవుతుంది. దక్షిణం యముడి దిక్కు. ప్రభుత్వ సొమ్ముతో కొన్న యంత్రం అటు చూడటం క్షేమం కాదని రెండోదాన్ని పక్కన పెట్టించారు. ముందుకు చూసేదాని గురించి, ముందు ఏముందో ముందే తెలుసుకోవాలనుకోవడం జ్యోతిషం కిందకు వస్తుందనీ, అది తన శాఖ కాదనీ అన్నారు. కాబట్టి కిందకి చూసేది ఖాయమైంది.

జీపీఎస్ దగ్గర పెద్ద చర్చే జరిగింది. చవక రకం బోటు కదులుతున్నప్పుడే ఏ దిక్కుకు వెళుతోందో చెప్పగలదు. ఖరీదైన రకంలో దిక్సూచి కూడా ఉంటుంది, కాబట్టి ఆగి ఉన్నా ముందుభాగం ఎటు ఉందో దానికి తెలుసు. మామూలు గాలం బోటుకు చవకది సరిపోతుందని ఫణీంద్ర నిజాయితీగానే చెప్పాడు.

“నిలబడి ఉన్నప్పుడు తూర్పు ఎటో తెలియని యంత్రం మన సంస్థలో ఉండటానికి వీల్లేదు” అన్నారు ఎండీగారు. “సదరు లోపం ఇదివరకు కొందరు అధికారుల్లో కూడా గమనించాం.”

ఖరీదైనదే కొన్నాం.

షెడ్డు వాకిలి తూర్పుకు ఉంది, బోటు మూతీ తూర్పుకే ఉంది. ఫణీంద్ర స్టీరింగు పక్కన రెండు తెరలూ బిగించాడు. ఎల్లాజీని కూర్చోబెట్టి చూస్తే అక్షరాలా తూర్పు ముఖం. గుమ్మడికాయ కొట్టారు. నిమ్మకాయలు తొక్కించారు. అందరం సెనగలు తింటూ ఉండగా ఫణీంద్ర చేతులు తుడుచుకుంటూ, తిరిగి వచ్చేటప్పుడు ఎలా సార్, అప్పుడు పడమటికి రావాలి కదా అన్నాడు.

చాలాసేపు ఎవరూ సెనగలు నమలలేదు. చివరికి ఎండీగారు, తిరిగి రావడం అనే అంశం కొనుగోలు ప్రతిపాదనలో ఎక్కడైనా ఉందా అని నన్నడిగారు. లేదని చెప్పాను. అయితే బోటు దింపడం ఆపండి అన్నారు.

అప్పటినుంచి ఎల్లాజీ భార్య అచ్చియ్యమ్మ ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. ఆవిడ రేవులో చేపలమ్ముతుంది. గంప బయట పెట్టి, చేతులు కడుక్కుని, నా కుర్చీ వెనక నిలబడేది.

“సూపర్నెంటు బాబూ, మా మడిసి మా అన్న పడవ మానీసి మీ పడవ నమ్ముకున్నాడు. ఇప్పుడు మా అన్న ఇంకో కలాసీని ఎట్టీసుకున్నాడు. మీ పడవెప్పుడు దిగుతాది?”

దిక్కుల సమస్య పరిశీలనలో ఉందని చెప్పాను. ఆవిడ నాకేసి కాసేపు చూసి గంపెత్తుకుని వెళ్ళిపోయింది. చూడటమంటే నా వీపుకేసే. నేనూ సర్క్యులర్ పరిధిలోని వాణ్ణే కదా.

దీని మీద వేసిన కమిటీ మూడుసార్లు కూర్చుంది. బోటును రివర్సులో వెనక్కి తెస్తే సరంగు ముఖం తూర్పుకే ఉంటుందని నేను సూచించాను. ఫిష్ ఫైండర్ కన్ను బోటు వెనకభాగం కింద ఉంటుందనీ, వెనక్కి నడిపితే బుడగలు తప్ప ఏమీ కనపడదనీ ఫణీంద్ర ఫోనులో చెప్పాడు. వెళ్ళడానికి మాత్రమే టిక్కెట్లు అమ్ముదామని లెక్కల విభాగం వారు అన్నారు. ప్రయాణికుల స్పందన ఎలా ఉంటుందో తెలియక ఆగాం. ఆఖరికి భాస్కరమూర్తిగారికే తట్టింది. బోటు తిరగనీ, ఉద్యోగి తిరగకూడదు, అంతే కదా. సరంగు సీటు, స్టీరింగు, రెండు తెరలు అన్నీ ఒక గుండ్రటి పీట మీద పెట్టి, బోటు ఎంత తిరిగితే పీట అంత ఎదురు తిరిగేటట్టు చేయాలి. తూర్పు ఎటో జీపీఎస్ పీటకు చెబుతుంది. ఖరీదైనది కొన్నందుకు ఎండీగారు తనను తాను అభినందించుకున్నారు.

జాతరల్లో రంగులరాట్నం తిప్పే మేస్త్రీని పిలిపించి పీట చేయించాం. పరీక్ష రోజున బోటును ట్రాలీ మీద పెట్టి ట్రాక్టరుతో ఆవరణలో చుట్టూ తిప్పారు. బోటు నాలుగు దిక్కులకూ తిరిగింది. ఎల్లాజీ మాత్రం తూర్పున సముద్రాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎలా ఉందని అడిగితే, “నాను కదల్లేదు బాబూ, ఊరే తిరిగింది” అన్నాడు. అతను దేనికీ కాదనే మనిషి కాదు. పీట మీద తలకిందులుగా కూర్చోమన్నా కూర్చునేవాడు. ఉద్యోగం మొదలైతే చాలునని అతని మొహమంతా రాసి ఉంది.

ఒక చిన్న సందేహం మిగిలింది. తిరుగు ప్రయాణంలో మెడ తిప్పి వెనక్కి చూసుకోవచ్చా అని ఎల్లాజీ అడిగాడు. సర్క్యులర్‌లో ఉన్నది శరీరం కాదు, ముఖం అని భాస్కరమూర్తిగారు గుర్తుచేశారు. మెడ తిప్పితే ముఖం తిరిగినట్టే. అలా అయితే ఎదర ఏముందో ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. తెర ముందు కూర్చోని వాళ్ళకు ఏ దిక్కయినా ఒకటే కనుక, ప్రయాణికులు చూసి చెబుతారని రాసుకున్నాం. టిక్కెట్టు వెనక ఆ షరతు అచ్చు కూడా వేయించాం.

మొదటి ప్రయాణానికి ఎండీగారు, భాస్కరమూర్తిగారు, నేను వెళ్ళాం. జెట్టీ మీద బ్యాండు వాయించారు. అచ్చియ్యమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఎల్లాజీ తూర్పుకు చూస్తూ ఉన్నాడు కాబట్టి ఆవిడ చెయ్యి ఊపడం అతనికి కనపడలేదు.

మొగ దాటుతుండగా ఫిష్ ఫైండర్ కీచ్ కీచ్ మంది. లోతు తగ్గితే అలా కూస్తుందని ఎల్లాజీ చెప్పాడు. భాస్కరమూర్తిగారికి అది అచ్చం బల్లి పలికినట్టు వినిపించింది. శుభమా అని బయల్దేరుతూ ఆగ్నేయంలో బల్లి పలకడమేమిటని ఆ కూత ఆపించారు. తర్వాత ప్రశాంతంగా వెళ్ళాం.

మంచి చోటు చూసి లంగరు వేశాం. తెర మీద చేపలు బొమ్మల్లా కదులుతున్నాయి. గాలం ఎటు వేయాలన్నది కూడా ముందే నిర్ణయమైంది. ఈశాన్యం దేవుడిది, అక్కడ జీవహింస కూడదు. ఆగ్నేయం వంటకు సంబంధించిన మూల కనుక చేపలు అక్కడే పట్టాలి. ముగ్గురం ఆగ్నేయ మూల నిలబడి గాలాలు వేశాం. గాలికి బోటు లంగరు చుట్టూ తిరిగింది. ఆగ్నేయం ఇంకో మూలకు వెళ్ళింది. గాలాలు చుట్టుకుని మేమూ వెళ్ళాం. అలా భోజనాల వేళ దాకా బోటు చుట్టూ ప్రదక్షిణం చేశాం. మధ్యలో పీట మీద ఎల్లాజీ నిమ్మళంగా తూర్పుకు చూస్తున్నాడు. ఎండీగారి గాలానికి ఒక జెల్ల చేప పడింది. దానితో ఫోటో దిగారు. తిరుగు ప్రయాణమయ్యేసరికి సూర్యుడు పడమటికి దిగాడు.

ఎల్లాజీ ముఖం తూర్పుకు ఉంటే తెరల ముఖం పడమటికి ఉంటుంది. ఎండ సూటిగా వాటి మీద పడింది. ఆ వెలుగులో లోతు అంకె కనపడదు, దారి గీత కనపడదు. ఫణీంద్ర మొదటి రోజు అడిగిన ప్రశ్న అప్పుడు నాకు గుర్తొచ్చింది. అది అమలు దశకు సంబంధించినదని సరిపెట్టుకున్నాను.

ఎదర చూసి చెప్పే బాధ్యత మాపై పడింది. సరంగు నాలుగో తరగతి ఉద్యోగి కనుక ఎండీగారు నేరుగా అతనితో మాట్లాడటం పద్ధతి కాదు. అందుకని భాస్కరమూర్తిగారు చూసి ఎండీగారికి చెప్పడం, ఎండీగారు నాకు చెప్పడం, నేను ఎల్లాజీకి చెప్పడం అని ఏర్పాటు చేసుకున్నాం. కుడి ఎడమలు వాడకూడదనుకున్నాం. మా కుడి అతనికి ఎడమ కదా.

మొగ దగ్గర పడింది.

“వాయవ్య దిశలో తెల్లని నురుగు గోచరిస్తున్నది” అన్నారు భాస్కరమూర్తిగారు.

“గోచరిస్తున్నదా, గోచరిస్తున్నట్టు ఉన్నదా?” అని ఎండీగారు అడిగారు. కూలంకషంగా పరిశీలించిన మీదట గోచరిస్తున్నదనే అభిప్రాయానికి వచ్చానని భాస్కరమూర్తిగారు అన్నారు. అప్పుడు ఎండీగారు నా వైపు తిరిగి, “సదరు నురుగు విషయమై సరంగు వివరణ కోరండి” అన్నారు.

నేను కోరాను.

“ఇసక మేట బాబూ” అన్నాడు ఎల్లాజీ, తూర్పుకు చూస్తూనే. “ఎంత దూరముంది?”

నేను ఆ ప్రశ్న ఎండీగారికి సమర్పించాను. ఆయన భాస్కరమూర్తిగారికి పంపారు. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంచుమించు, అన్నారు. ఆ తర్వాత మాట నాకు వినపడలేదు, ఎందుకంటే ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. బోటు మేట మీదకెక్కి ఆగిపోయింది. ఇంజను ఎంత గింజుకున్నా కదలలేదు. జెట్టీ మీద బ్యాండు ఇంకా వాయిస్తూనే ఉంది.

వేట నుంచి వస్తున్న దానయ్య మమ్మల్ని తన పడవలో ఎక్కించుకుని ఒడ్డున దింపాడు. ఎల్లాజీ రాలేదు. ప్రయాణం ముగిసే వరకు సరంగు బోటు విడవరాదని నియమం ఉంది.

మర్నాడు ఎండీగారి గదిలో మేం ముగ్గురమే కూర్చున్నాం. ఎవరి తప్పు అనేది తేలాలి. ఎండీగారు గోడకేసి చూశారు. భాస్కరమూర్తిగారు ఆయనకేసి చూశారు. సరంగు అజాగ్రత్త అని రాస్తే ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అలా రాస్తే ఎల్లాజీ ఉద్యోగం మొదలైన మర్నాడే అయిపోతుంది. నాకు అచ్చియ్యమ్మ కట్టుకున్న కొత్త చీర కళ్ళలో మెదిలింది. ఫైలు తెప్పించుకుని, నా సర్వీసులో అంత బాగా ఇంకేదీ రాయలేదు అనిపించేటట్టు ఒక నోట్ రాశాను. ప్రమాద విచారణ ప్రయాణం ముగిశాకే మొదలుపెట్టాలని నిబంధన. బోటు జెట్టీని తాకితేనే ప్రయాణం ముగిసినట్టు. బోటు ఇంకా తాకలేదు. కాబట్టి ప్రయాణం సాగుతోంది, సరంగు విధుల్లో ఉన్నాడు, జీతం ఇవ్వవలెను, విచారణ ప్రశ్నే ఉదయించదు.

ఎండీగారు దాన్ని చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంస్థలో మీలాంటివారు ఇంకొకరుంటే చాలన్నారు. బోటును లాగించే ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు.

మొదటి జీతం రాగానే అచ్చియ్యమ్మ నాకు వంజరం చేప ముక్క తెచ్చిచ్చింది. ఆవిడ దణ్ణం పెట్టడం నా వీపుకు తెలిసింది. నేను చాలా సంతోషించాను. ఆవిడ రోజూ అన్నగారి పడవలో వెళ్ళి ఎల్లాజీకి అన్నం క్యారేజీ అందించి వచ్చేది. గాలం సరదా ఉన్నవాళ్ళను కూడా దానయ్యే తీసుకెళ్ళి మేట మీద ఆగిన మా బోటులో దింపేవాడు. అతని పాత పడవలో ఏ తెరా లేదు. ఎటు పోవాలంటే అటు చూసి నడుపుతాడు.

కొన్నాళ్ళకు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

“మా మడిసి ఇంటికొచ్చీదెప్పుడు బాబూ?”

బోటు జెట్టీకి వస్తే వస్తాడని చెప్పాను. వస్తే ఏమవుతుందో కూడా, దాచడం ఇష్టంలేక, చెప్పాను. విచారణ మొదలవుతుంది, ఉద్యోగం ఉండదు.

“అంటే ఇల్లన్నా ఉండాల, ఉద్యోగమన్నా ఉండాల” అంది.

ప్రస్తుతానికి నిబంధనలు అలా ఉన్నాయన్నాను. చెబుతుంటే సిగ్గేసింది. ఎల్లాజీకి కూడా తెలుసా అని అడిగితే, నా నోట్ సంగతి నేనే అతనికి కబురు పంపించానని ఒప్పుకోవలసి వచ్చింది. పున్నమి పోటు ఈసారి గట్టిగా వస్తుందట, పడవ తేలుతుందని తన అన్న అంటున్నాడని మాత్రం చెప్పి ఆవిడ వెళ్ళింది.

పున్నమి నాటి పొద్దున ఊరు ఊరంతా మొగ దగ్గరే ఉంది. నేను ఆఫీసు వదిలి వెళ్ళాను. చాన్నాళ్ళ తర్వాత పగటిపూట ఏ దిక్కు కావాలంటే ఆ దిక్కుకు నిలబడ్డాను. పోటు పెరుగుతూ మేటను ముంచింది. బోటు ఒకసారి ఊగింది. మళ్ళీ ఊగింది. మెల్లగా మేట వదిలి, తేలి, జెట్టీ వైపు రాసాగింది. రేవు జనమంతా ఈలలు వేశారు. అచ్చియ్యమ్మ ఆ రోజు క్యారేజీ తేలేదు. ఇంటి దగ్గర విస్తరి వేసి, అన్నం కూడా వడ్డించి మరీ వచ్చిందట.

బోటు జెట్టీకి పిలిస్తే పలికేటంత దగ్గరకు వచ్చింది. అప్పుడు ఎల్లాజీ పీట దిగాడు. గబగబా ముందుకు వెళ్ళి లంగరు విసిరాడు. అది చాలదనుకున్నాడో ఏమో, వెనకదీ విసిరాడు. బోటు జెట్టీని తాకకుండానే తాళ్ళు బిగుసుకుని ఆగిపోయింది. ఈలలు కూడా ఆగిపోయాయి. అతను మళ్ళీ వచ్చి సీట్లో కూర్చున్నాడు. పీట కిర్రుమంటూ తిరిగి అతని ముఖాన్ని తూర్పుకు పెట్టింది. ఒడ్డున ఉన్న భార్యకు మొహం చూపించే అవసరం లేకుండా చేసింది. ఆ పీట వల్ల ఒక ఉద్యోగికి మేలు జరగడం నేను చూసింది అదొక్కసారే.

అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళి, విస్తట్లో వడ్డించిన అన్నం క్యారేజీలోకి ఎత్తుకుని వచ్చి, అన్నగారి పడవెక్కింది.